పసిపిల్లల్లో మూత్రంలో రాళ్లు: ఇంట్లోనే ఎలా గుర్తుపట్టాలి

మూడేళ్ల పిల్లాడు పాస్ పోస్తూ మధ్యలో ఆగి ఏడ్చాడంటే మన ఇళ్లలో ముందుగా వినిపించే మాట ఒకటే, “వేడి చేసింది”. ఆ వెంటనే సబ్జా గింజలు నానతాయి, బార్లీ కాగుతుంది, బొడ్డు మీద ఆముదం పడుతుంది. చాలాసార్లు అంతటితో తగ్గిపోతుంది కూడా. నీళ్లు తక్కువ తాగిన పిల్లలకు ఏ ద్రవం పట్టినా మంట తగ్గుతుంది కదా. చిక్కు ఎక్కడంటే, మూత్రంలో రాయి ఉన్న పిల్లలూ మొదట్లో ఇలాగే కనిపిస్తారు. మా చెల్లెలి కొడుకు విషయంలో మేమూ మూడు వారాలు సబ్జా నీళ్లతోనే గడిపాం. వాడు గోడ పట్టుకుని, ముందుకు వంగి, కాలి వేళ్ల మీద నిలబడి పాస్ పోస్తున్నాడని మేడ మీద బట్టలు ఆరేస్తూ నేను చూసిన రోజున కానీ అది వేడి కాదేమో అన్న అనుమానం రాలేదు. స్కానింగ్‌లో మూత్రాశయంలో రాయి కనిపించింది.

పెద్దవాళ్లకు రాయి ఉంటే వాళ్లే చెప్తారు. డొక్కలో మొదలై గజ్జల దాకా పాకే నొప్పికి మంచం మీద నిలవలేక దొర్లుతారు. ఐదేళ్లలోపు పిల్లలకు ఆ నొప్పి రావచ్చు, రాకపోవచ్చు. వచ్చినా ఎక్కడో చెప్పలేరు. గొంతు నొప్పికీ, జ్వరానికీ, మలబద్ధకానికీ అన్నిటికీ బొడ్డే చూపిస్తారు. అందుకే కడుపు మీద చెయ్యి వేసి వెతకడం కన్నా మూత్రాన్ని గమనించడం మీ మొదటి పని.

డైపర్ తీసేసి రెండు రోజులు చూడండి

డైపర్ మంచి సౌకర్యమే కానీ రంగు, ధార, లెక్క మూడింటినీ దాచేస్తుంది. అనుమానం వచ్చినప్పుడు రెండు రోజులు పగటిపూట తెల్ల నూలు గుడ్డతో ఉంచండి. నడిచే పిల్లలైతే స్నానాల గదిలోనో పెరట్లోనో మీ ఎదురుగా పోయించండి. దగ్గర ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ మగ్గు ఉంచుకోండి.

మగపిల్లల్లో ధారను చూడాలి. మొదట బాగా వచ్చి, ట్యాపు కట్టేసినట్టు టక్కున ఆగిపోయి, పిల్లాడు ఏడ్చి, అటూ ఇటూ మెలికలు తిరిగాకో పడుకోబెట్టాకో మళ్లీ వస్తే, అది మూత్రాశయంలో రాయికి బాగా తెలిసిన గుర్తు. నీళ్ల ట్యాంకు అడుగున రంధ్రానికి గులకరాయి అడ్డం పడ్డట్టు, మూత్రాశయం ఖాళీ అవుతున్న కొద్దీ రాయి కిందికి జారి దారికి అడ్డుపడుతుంది. భంగిమ మారితే పక్కకు తొలుగుతుంది. గోడ పట్టుకుని వంగడం, పాస్ పోసేటప్పుడు ముక్కడం, పోశాక కూడా ఇంకా రావాలన్నట్టు అక్కడే నిలబడడం, చుక్కలు చుక్కలుగా కారడం, ఇవన్నీ ఆ కోవలోవే.

ఇంకో గుర్తు, పిల్లాడు అంగం చివర పట్టుకుని లాగడం, నలపడం. దీన్ని చూసి పెద్దవాళ్లు చెయ్యి మీద ఒకటేస్తారు, పాపం. చిన్నపిల్లలు ఊరికే పట్టుకుని ఆడుకోవడం మామూలే, దానికి కొట్టాల్సిన పని లేదు. తేడా సమయంలో ఉంటుంది. టీవీ చూస్తూనో నిద్రమత్తులోనో పట్టుకుంటే అది అలవాటు. పాస్ పోసేటప్పుడు, పోసిన వెంటనే, ఏడుపు మొహంతో లాగుతుంటే అది నొప్పి. మూత్రాశయంలోని నొప్పి చివరన తెలుస్తుంది, అందుకే అక్కడ లాగుతారు. పాస్ పోసేటప్పుడు ముందు చర్మం బుడగలా ఉబ్బి ధార సన్నగా వస్తుంటే మాత్రం కారణం రాయి కాక చర్మం బిగుతు కావచ్చు. దాన్నీ డాక్టర్‌కు చూపించాలి. ఇంట్లో బలవంతంగా వెనక్కి లాగకండి.

ఆడపిల్లల్లో ధార సరిగా కనిపించదు కాబట్టి చెవితో వినాలి, ప్రవర్తనను చూడాలి. కాళ్లు మెలేసుకుని నిలబడడం, పోస్తే మండుతుందని భయపడి ఆపుకోవడం, పది నిమిషాలకోసారి పరుగెత్తి నాలుగు చుక్కలు పోసి రావడం, పక్క తడపడం మానేసిన పిల్ల మళ్లీ మొదలుపెట్టడం గమనించండి. ఇవి ఇన్‌ఫెక్షన్‌లోనూ ఉంటాయి. ఆ రెండిటి మధ్య తేడా ఇంట్లో తేల్చలేం, తేల్చాల్సిన అవసరమూ లేదు. రెండిటికీ వెళ్లాల్సింది ఒక చోటికే.

రంగు

మగ్గులో పట్టి వెలుతురులో చూడండి. లేత గులాబీ రంగు, టీ డికాక్షన్ రంగు, కోలా రంగు, ఈ మూడూ రక్తం కావచ్చు. నొప్పి లేకపోయినా సరే, ఒక్కసారే కనిపించినా సరే పరీక్ష చేయించాలి. అంతకుముందు బీట్‌రూట్ తిన్నారా, రంగు మిఠాయి ఏమైనా తిన్నారా, టీబీ మందు రిఫాంపిసిన్ వాడుతున్నారా గుర్తు చేసుకోండి. ఆ మందు మూత్రాన్ని నారింజ రంగులోకి మారుస్తుంది. బి విటమిన్ టానిక్‌తో వచ్చే చిక్కని పసుపు ప్రమాదం కాదు.

పుట్టిన మొదటి రోజుల్లో గుడ్డ మీద ఇటుక పొడి చల్లినట్టు ఎర్రటి మరక కనిపిస్తుంది. బాలింత గదిలో దీన్ని చూసి రక్తమని గోలపెట్టని ఇల్లు తక్కువ. అది యూరేట్ అనే లవణం స్ఫటికాల పొడి. తల్లికి పాలు పడి, బిడ్డ సరిగా తాగడం మొదలుపెట్టాక పోతుంది. మొదటి వారం దాటినా అలాగే వస్తుంటే బిడ్డకు పాలు చాలడం లేదేమో చూపించుకోవాలి.

పోసిన కాసేపటికి నేల మీద సున్నం పూసినట్టు తెల్లగా ఎండిందని కొందరు కంగారు పడతారు. అందులో ఎక్కువసార్లు ఫాస్ఫేట్ లవణాలే ఉంటాయి. అదొక్కటే ఉంటే రాయి అనుకోనక్కర్లేదు. కానీ అప్పుడే పోసిన మూత్రం మజ్జిగ తేటలా మసకగా ఉండి ఘాటైన దుర్వాసన వస్తుంటే ఇన్‌ఫెక్షన్‌ను అనుమానించాలి.

లెక్క

పాలు తాగే బిడ్డ మొదటి వారం దాటాక రోజుకు కనీసం ఆరుసార్లు గుడ్డ తడపాలి. డైపర్ తప్పనిసరైతే వంటింటి త్రాసు వాడండి. పొడి డైపర్ బరువు ఒకసారి చూసి పెట్టుకుని, తడిసిన దాని బరువులోంచి తీసేయండి. ఒక గ్రాము అంటే సుమారు ఒక మిల్లీలీటరు. చిన్నపిల్లలకు కిలో బరువుకు గంటకు కనీసం 1 మిల్లీలీటరు మూత్రం రావాలి. అంటే 10 కిలోల బిడ్డకు రోజు మొత్తంలో 240 మిల్లీలీటర్లకు తగ్గకూడదు. మీరు ఈ లెక్క రెండు రోజులు రాసి తీసుకెళ్తే డాక్టర్‌కు మీ మాట కన్నా అదే ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఏడుపు, నొప్పి

నెలల పిల్లల్లో రాయి నొప్పి ఏడుపుగానే వస్తుంది. ఎత్తుకున్నా, పాలిచ్చినా ఊరుకోని ఏడుపు, కాళ్లు కడుపులోకి ముడుచుకోవడం, వాంతి, పాలు వద్దనడం. చిక్కేమిటంటే ఇవే లక్షణాలు ఇంకో అరడజను జబ్బుల్లోనూ ఉంటాయి. వాటిలో రెండు రాయి కన్నా తొందరపడాల్సినవి.

ఒకటి, పేగు పేగులోకి దూరడం. ఎక్కువగా ఆరు నెలల నుంచి రెండేళ్ల మధ్య వస్తుంది. పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒకసారి బిడ్డ కాళ్లు ముడుచుకుని గట్టిగా ఏడుస్తుంది. మధ్యలో తేరుకున్నట్టే ఉంటుంది కానీ పాలిపోయి, నీరసంగా వాలిపోతుంది. తర్వాత దొడ్డికి జామ్ లాంటి ఎర్రటి జిగురు పడుతుంది. ఆ జిగురు పడేదాకా ఆగకండి, అది ఆలస్యంగా వచ్చే గుర్తు.

రెండోది, మగపిల్లల్లో వృషణం మెలిపడడం. కడుపు నొప్పి అన్న ప్రతి మగపిల్లాడికీ నిక్కరు విప్పి చూడండి. ఒక పక్క వాచి, ఎర్రబడి, ముట్టుకుంటే ఏడిస్తే సుమారు 6 గంటల్లోపు ఆపరేషన్ జరగాలి. సిగ్గుపడి చెప్పని పిల్లలూ ఉంటారు, అడగని తల్లిదండ్రులూ ఉంటారు.

నాలుగైదేళ్ల పిల్లలను “ఎక్కడ నొప్పి” అని అడగకండి, అరచేత్తో కడుపంతా తడిమి చూపిస్తారు. “ఒక్క వేలితో చూపించు” అనండి. పక్కటెముకల కింద డొక్క దగ్గరో వీపు వైపో వేలు పెడితే కిడ్నీని తలుచుకోవాలి. నొప్పి బొడ్డు చుట్టూ మొదలై కుడి పక్క కిందికి దిగి, నడిస్తే ఎక్కువవుతుంటే అపెండిక్స్ కావచ్చు. డొక్కలో గుద్ది చూడడం, కడుపు గట్టిగా నొక్కడం మీ పని కాదు, డాక్టర్‌కు వదిలేయండి.

జ్వరం ఉంటే

జలుబు లేదు, దగ్గు లేదు, విరేచనాలు లేవు, జ్వరం మాత్రం 101, 102 ఉంది. ఇలాంటప్పుడు రెండేళ్లలోపు పిల్లలకు మూత్ర పరీక్ష తప్పకుండా అడగండి. పసిపిల్లల్లో రాయి చాలాసార్లు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రూపంలోనే బయటపడుతుంది. రాయి ఉంటే ఇన్‌ఫెక్షన్ తగ్గదు, కొన్ని రకాల సూక్ష్మజీవులు చేరితే రాయి ఇంకా పెరుగుతుంది. ఆరు నెలల్లో రెండోసారి ఇన్‌ఫెక్షన్ వచ్చి, మళ్లీ యాంటీబయాటిక్ సీసా చేతికొస్తే “స్కానింగ్ చేయిద్దామా” అని మీరే అడగండి. నిజానికి రెండేళ్లలోపు బిడ్డకు జ్వరంతో వచ్చిన మొదటి ఇన్‌ఫెక్షన్‌కే అల్ట్రాసౌండ్ చేయించడం మంచి పద్ధతి.

యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే నమూనా పట్టాలి. కడిగి తుడిచి, మొదటి చుక్కలు వదిలేసి, మధ్య ధారను ల్యాబ్ ఇచ్చిన శుభ్రమైన డబ్బాలో పట్టండి. ఒళ్లో బిడ్డకైతే కడుపునిండా పాలు పట్టి, పాతిక నిమిషాలు ఆగి, చల్లటి నీళ్లలో ముంచిన దూదితో పొత్తికడుపు మీద మెల్లగా గుండ్రంగా రుద్దండి. చాలామంది పిల్లలు కొద్ది నిమిషాల్లోనే పోసేస్తారు, డబ్బా సిద్ధంగా ఉండాలి. అంటించే సంచిలో పట్టినది కల్చర్ (క్రిములను పెంచి చూసే) పరీక్షకు నమ్మకం కాదు, చర్మం మీది క్రిములు కలిసిపోతాయి. గంటలోపు ల్యాబ్‌కు చేర్చలేకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి.

ఇవి కనిపిస్తే రేపటిదాకా ఆగకండి

ఎనిమిది గంటలుగా మూత్రం రాలేదు, పొత్తికడుపు ఉబ్బింది, పోయాలని ఏడుస్తున్నా చుక్క పడడం లేదు: మూత్రం బయటికి వచ్చే నాళంలో రాయి ఇరుక్కుని ఉండొచ్చు. జ్వరం, చలితో పాటు డొక్క నొప్పి: అడ్డుపడ్డ మూత్రంలో చీము చేరిందేమో, కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. తాగిన నీళ్లు కూడా నిలవకుండా వాంతులు. ముద్దలుగా రక్తం. పుట్టుకతోనే ఒకే కిడ్నీ ఉన్న బిడ్డకు ఏ చిన్న లక్షణమైనా. మూడు నెలలలోపు బిడ్డకు 100.4 జ్వరం. వీటికి క్లినిక్ తెరిచేదాకా చూడొద్దు. 108కి ఫోన్ చేయండి, పిల్లల సర్జన్ ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లండి. పక్క వీధిలో నొప్పి ఇంజెక్షన్ చేయించి పడుకోబెడితే నొప్పి తగ్గుతుంది, అడ్డం మాత్రం అక్కడే ఉంటుంది.

మీ బిడ్డకు అవకాశం ఎక్కువా?

కొన్ని ఇళ్లలో అనుమానం కొంచెం ముందే రావాలి. మేనరికం అందులో మొదటిది. సిస్టిన్ అనే అమైనో ఆమ్లం పేరుకుని కట్టే రాళ్లు, ఆక్సలేట్ (కాల్షియంతో కలిసి రాయి కట్టే పదార్థం) విపరీతంగా తయారయ్యే జబ్బు లాంటివి తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపమున్న జన్యువు వస్తేనే బయటపడతాయి. మేనమామనో మేనబావనో చేసుకున్న ఇళ్లలో ఆ అవకాశం పెరుగుతుంది. ఎవరినీ తప్పుపట్టడానికి కాదు, డాక్టర్ అడిగితే దాచకుండా చెప్పమని. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో రాళ్లు వచ్చాయా, కిడ్నీలు పాడయ్యాయా అన్నదీ చెప్పండి.

నెలలు నిండకుండా పుట్టి చాలా రోజులు ఆసుపత్రిలో ఫ్యూరోసెమైడ్ (మూత్రం ఎక్కువ పోయించే మందు) మీద ఉన్న పిల్లలు, మూర్ఛకు టోపిరమేట్ వాడుతున్నవాళ్లు, కీటోజెనిక్ ఆహారం (కొవ్వు బాగా ఎక్కువ, పిండిపదార్థం బాగా తక్కువ) మీద ఉన్నవాళ్లు, కదలకుండా మంచం పట్టినవాళ్లు కూడా ఈ లెక్కలోకి వస్తారు. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ల తర్వాత కొందరికి మూత్రంలో తాత్కాలికంగా రాళ్లలాంటివి పేరుకుంటాయి, మందు ఆపాక సాధారణంగా కరిగిపోతాయి.

విటమిన్ డి గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఏడాదిలోపు బిడ్డకు మామూలుగా కావాల్సింది రోజుకు 400 యూనిట్లు. చుక్కల మందు ఒక కంపెనీది మిల్లీలీటరుకు 400 ఉంటే ఇంకొకరిది 800 ఉంటుంది. పెద్దవాళ్ల చిన్న సీసాలు, పొట్లాలు ఒక్కోటీ 60,000. వారానికో నెలకో చెప్పిన దాన్ని పొరపాటున రోజూ పట్టిన ఇళ్లు ఉన్నాయి. అప్పుడు రక్తంలో, మూత్రంలో కాల్షియం పెరిగి బిడ్డకు మలబద్ధకం, వాంతులు వస్తాయి, కిడ్నీలో కాల్షియం పేరుకుంటుంది. ఇవాళే సీసా మీద అక్షరాలు చదవండి.

ఆహారం వల్ల వచ్చే రాయి ఇంకోటి ఉంది. తల్లిపాలు త్వరగా మాన్పించి గంజి, అన్నం, రొట్టె మీదే పెంచుతూ, పాలు, పప్పు, గుడ్డు అందని పేద పిల్లల్లో మూత్రాశయం రాళ్లు ఒకప్పుడు మన దేశంలో చాలా ఎక్కువ. ఫాస్ఫరస్ తక్కువై, విరేచనాలతో నీరు పోతూ ఉంటే యూరేట్ రాళ్లు కడతాయి. అశ్మరి, అంటే మూత్రంలో రాయి, పిల్లల్లో ఎక్కువని సుశ్రుతుడు కూడా రాశాడు. తిండి మెరుగైన కొద్దీ ఈ రకం తగ్గింది. 2008లో చైనాలో పాలపొడిలో మెలమైన్ అనే రసాయనం కలిపినప్పుడు సుమారు మూడు లక్షల మంది పసివాళ్లు జబ్బుపడ్డారు, చాలామందికి కిడ్నీల్లో రాళ్లు వచ్చాయి. వాళ్లలో కొందరికి బయటికి ఏ లక్షణమూ లేదు, స్కానింగ్‌లోనే తెలిసింది.

బడికి వెళ్లే పిల్లల సంగతి వేరు. బాత్‌రూమ్ బాగాలేదని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆపుకుంటారు, ఆపుకోవాల్సి వస్తుందని నీళ్లూ తాగరు. సాయంత్రం బాటిల్ నిండుగా తిరిగొస్తే అదీ ఒక లక్షణమే అనుకోండి.

డాక్టర్ దగ్గర

మీ దగ్గర మూడుంటే చాలు: మూత్రం లెక్క, రంగు ఫోటో, ధార ఆగిపోతున్నప్పుడు ఫోన్‌లో తీసిన పది సెకన్ల వీడియో. క్లినిక్‌లో పిల్లాడు ఎప్పుడూ బ్రహ్మాండంగా పోస్తాడు, అందుకే వీడియో. ఆ వీడియో డాక్టర్‌కు చూపించి తుడిచేయండి, కుటుంబం గ్రూపులో పెట్టకండి.

మొదటి పరీక్షలు మూత్రం, అల్ట్రాసౌండ్. అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ ఉండదు, సూది ఉండదు. మూత్రాశయం నిండుగా ఉంటే రాయి బాగా కనిపిస్తుంది కాబట్టి గంట ముందు నుంచి తాగించండి. సీటీ స్కాన్ మొదటి అడుగు కాదు. ఎవరైనా ముందే అది రాస్తే, అల్ట్రాసౌండ్ చాలదా అని మర్యాదగా అడగండి. రిపోర్టులో “2 మిల్లీమీటర్లు” అని చూసి టెన్షన్ పడొద్దు. అంత చిన్నవి ఒక్కోసారి రాళ్లే కావు, మళ్లీ స్కాన్ చేస్తే కనిపించవు. 5 మిల్లీమీటర్లలోపువి చాలావరకు వాటంతటవే పడిపోతాయి. అయితే రాయి నిజమని తేలాక, పెద్దవాళ్లలా “పడిపోయింది, అయిపోయింది” అనుకోకూడదు. పిల్లల్లో రాయి వెనక ఏదో కారణం దొరికే అవకాశం ఎక్కువ. మూత్రంలో కాల్షియం, సిట్రేట్, ఆక్సలేట్, రక్తంలో క్రియాటినిన్, కాల్షియం, బైకార్బనేట్ లాంటి పరీక్షలు చేయాలి.

ఈలోగా ఇంట్లో

నీళ్లు. 10 కిలోల బిడ్డకు పాలు, పప్పునీళ్లు, మజ్జిగ అన్నీ కలిపి రోజుకు సుమారు ఒక లీటరు, 15 కిలోలకు లీటరుంపావు, 20 కిలోలకు లీటరున్నర ద్రవం కావాలి. ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. మూత్రం లేత గడ్డి రంగులో ఉంటే సరిపోతున్నట్టు. ఆరు నెలలలోపు బిడ్డకు మాత్రం మే నెల ఎండలోనైనా తల్లిపాలే చాలు, వేరే నీళ్లు పట్టకండి.

బార్లీ నీళ్లు, ఉలవచారు తాగితే తాగనివ్వండి. వాటిలోని నీరు మంచిదే, రాయిని మాత్రం అవి కరిగించవు. చారులో ఉప్పు తగ్గించండి. కొండపిండి ఆకు కషాయం, పేరు లేని రాళ్ల పొడులు పసిపిల్లలకు వద్దు. పేరులోనే కొండను పిండి చేసే బలం ఉంది కానీ ఎంత మోతాదు ఏ వయసుకు అన్నది ఎవరూ చెప్పలేరు. పాలు మాన్పించకండి. కాల్షియం రాయి అని పాలు ఆపితే పేగులో ఆక్సలేట్ ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది, ఎముకలూ దెబ్బతింటాయి. టమాటా గింజలే రాళ్లవుతాయన్న మాట మర్చిపోండి. తగ్గించాల్సింది ఉప్పు: ఆవకాయ, అప్పడాలు, చిప్స్, నూడుల్స్ మసాలా.

నొప్పికి పారాసిటమాల్, కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున, కనీసం ఆరు గంటల తేడాతో. వాంతులతో నీరసించిన బిడ్డకు ఐబుప్రొఫెన్ సొంతంగా ఇవ్వకండి, కిడ్నీ మీద భారం.

రాయి పడిపోతుందని డాక్టర్ చెబితే ప్రతిసారీ పాస్‌ను పల్చటి తెల్లని నూలు గుడ్డ గుండా వడకట్టండి. బొంబాయి రవ్వంత పలుకు అయినా చాలు. కడిగి, నీడన ఆరబెట్టి, పొడి ప్లాస్టిక్ డబ్బాలో వేయండి, స్పిరిట్ పోయకండి. డబ్బా మీద బిడ్డ పేరు, తేదీ రాసి పరీక్షకు ఇవ్వండి. మావాడి రాయిని ఆపరేషన్ చేసి తీశాక, దాన్ని చూడాలని అమ్మ అడిగింది. శనగగింజంత ఉంది. పరీక్షకు పంపాలి, ఇచ్చేయమని నేను రెండుసార్లు అడిగాక కానీ ఆవిడ చేతిలోంచి రాలేదు.